ఫీజు కట్టినవాళ్ళు విద్యార్థులు, చూపు నేర్పినవాళ్ళు కూలీలు

కెన్యా నుంచి తిరిగొచ్చాక కలిసినవాళ్ళంతా ఒకటే అడిగారు: "ఏమన్నా దొరికిందా?" దొరికింది. మొసలి పళ్ళు బోలెడు, మీసాల చేపల తలకాయ ఎముకలు అంతకు రెండింతలు, తాబేటి చిప్ప ముక్కలైతే ఏరుకున్నంత. మనిషి పూర్వీకులవి అనదగ్గ ఎముకలు మాత్రం గోరంత ముక్క కూడా నా కంటపడలేదు. ఆ మాట చెప్పగానే అడిగినవాళ్ళ ముఖం వాడిపోయేది. నన్ను మాత్రం వేరే సంగతి పట్టుకుని వదలడం లేదు. అక్కడ దొరికేవి సాధారణంగా ఎవరికి దొరుకుతాయి, దొరికాక పేరెవరికి వస్తుంది?

ఫీల్డ్ స్కూల్ అంటే ఏమిటో ముందు రెండు ముక్కల్లో చెప్పేస్తాను. మానవశాస్త్రమో పురావస్తుశాస్త్రమో చదివే పిల్లలు వేసవిలో ఒక యూనివర్సిటీకి ఫీజు కట్టి, తవ్వకాలు జరిగే చోటికి వెళ్ళి, ప్రొఫెసర్ల దగ్గర కొన్ని వారాలు పని నేర్చుకుంటారు. క్రెడిట్లు వస్తాయి. రెజ్యూమెలో ఒక లైను చేరుతుంది, పీహెచ్‌డీకి దరఖాస్తు పెట్టేటప్పుడు ఆ లైను బాగా అక్కరకొస్తుంది. మనిషి పుట్టుక గురించి చదివేవాళ్ళకు ఇలాంటివి ఎక్కువగా ఆఫ్రికాలోనే ఉంటాయి. కెన్యాలో తుర్కానా సరస్సు చుట్టుపక్కల, టాంజానియాలో ఓల్డువాయ్ దగ్గర, దక్షిణాఫ్రికాలో జొహానెస్‌బర్గ్‌కు దగ్గర్లో ఉన్న సున్నపురాయి గుహల్లో. అమెరికాలో ఎంఏ చేస్తూ నేను వెళ్ళింది తుర్కానా తూర్పు ఒడ్డుకి. స్కూలు పేరు రాయను. నా గొడవ ఆ ఒక్క స్కూలుతోనే అయితే ఇంత రాయాల్సిన పనే లేదు.

ఫీజూ విమానం టికెట్టూ కలిపితే వేల డాలర్లు. ఫోన్లో సంగతి చెప్పగానే మా నాయన, "రాళ్ళేరుకోడానికి అంత దూరమెందుకు మ్మా, మన చేన్లో తక్కువున్నాయా?" అన్నాడు. మాది నంద్యాల వైపు. నాయన ఎగతాళికే అన్నా అందులో చాలా నిజముంది. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

నైరోబి నుంచి ఉత్తరానికి లారీ ప్రయాణం. కెన్యా పర్వతం పక్కనున్న పచ్చటి పొలాలు దాటి, ఇసియోలో మీదుగా మర్సబిట్ కొండకి చేరి, అక్కణ్ణుంచి దిగితే చల్బి ఎడారి. కనుచూపు మేర తెల్లటి ఉప్పు నేల. అది దాటాక రోడ్డనేది ఒక నమ్మకం మాత్రమే, డ్రైవరుకి మాత్రం కనపడుతుంది. చివరికి ఒక మలుపులో సరస్సు ఒక్కసారిగా కళ్ళబడుతుంది. 250 కిలోమీటర్లకు పైగా పొడవున్న ఉప్పు కలిసిన నీళ్ళు, చుట్టూ చెట్టుచేమ లేని రాతినేల. ఆ నీళ్ళలో దాదాపు తొంభై శాతం ఇథియోపియా నుంచి ఓమో నది తెచ్చి పోసేవే. నది మీద ఎగువన కట్టిన డ్యామ్ వల్ల ఇక్కడి జాతీయ పార్కులను 2018లో యునెస్కో ప్రమాదంలో ఉన్న వారసత్వ స్థలాల జాబితాలోకి చేర్చింది.

ఇక్కడే ఇన్ని శిలాజాలు ఎందుకని ఎవరైనా అడుగుతారు. భూమి చీలికపట్టి కుంగిన పల్లం ఇది. లక్షల ఏళ్ళపాటు నదులూ సరస్సూ తెచ్చిన ఒండ్రు ఇందులో పొర మీద పొరగా పడింది. చచ్చిన జంతువుల ఎముకలు కుళ్ళి మాయమయ్యేలోపే మట్టి కప్పేసింది. మధ్య మధ్యలో అగ్నిపర్వతాలు పేలినప్పుడు బూడిద వచ్చి ఒక్కో పొరగా పరుచుకుంది. ఆ బూడిదలోని పలుకుల్లో పొటాషియం కొద్దికొద్దిగా ఆర్గాన్ వాయువుగా మారుతూ ఉంటుంది కాబట్టి, ఎంత ఆర్గాన్ పోగయిందో కొలిస్తే పొర వయసు తెలుస్తుంది. తర్వాత నేల విరిగి పొరలు పైకి లేచాయి. ఏడాదికి నాలుగు వానలు పడినా అవి గట్టిగా పడి, గట్లను కోసి, కొత్త ఎముకల్ని బయటపెడతాయి. అందుకే నిరుడు ఒట్టిగా కనిపించిన వంకలో ఈ ఏడు దవడ దొరకొచ్చు. గడ్డి మొలిచే చోట అయితే ఇదేదీ కుదరదు.

క్యాంపు జీవితం మీద జనానికి ఉండే ఊహలకూ అక్కడి బతుక్కూ పొంతన లేదు. తెల్లారక ముందే లేవాలి. లేవడమేముంది, రాత్రంతా తూర్పు నుంచి సరస్సు మీదికి కొట్టే గాలి టెంటుని పట్టుకుని ఊపేస్తుంటే నిద్రపోతే కదా. సరస్సు దక్షిణపు కొసకి దగ్గర్లో 365 గాలిమరలు నిలబెట్టి కరెంటు తీస్తున్నారంటే ఆ గాలి ఏ పాటిదో అర్థం చేసుకోండి. బూట్లు తిరగేసి దులిపాకే కాలు పెట్టాలి, తేళ్ళుంటాయి. ఊదారంగు కాంతి టార్చి వేస్తే తేళ్ళు పచ్చగా మెరుస్తాయి. మొదటి రాత్రి ఒకతను సరదాగా ఆ టార్చి వేసి క్యాంపు చుట్టూ తిప్పాడు. ఆ తర్వాత ఎవరూ చెప్పులు లేకుండా బయటికి రాలేదు.

స్నానానికి ఒక బకెట్టు నీళ్ళు. మరుగుదొడ్డి అంటే గొయ్యి, చుట్టూ చాపల దడి. ఈ రెండింటి దగ్గరా అమెరికన్ పిల్లలు పడ్డ అవస్థ చూసి నాకు జాలేసింది, కొంచెం గర్వంగానూ అనిపించింది. బకెట్టులో మూడో వంతుతో తలంటుకోవడం నాకెవరూ నేర్పక్కర్లేదు. సరస్సులో దిగుదామంటే మొసళ్ళ భయం. ఒకరు కాపలా ఉండాలి, మోకాలి లోతు దాటకూడదు. ఆ నీళ్ళకి సబ్బు నురగ రాదు, జుట్టు కొబ్బరి పీచులా అయిపోతుంది.

తిండి ఉగాలి, అంటే మొక్కజొన్న పిండితో చేసే సంగటి. దాంట్లోకి సుకుమా వికి అనే ఆకుకూర, చిక్కుడు గింజలు. అదృష్టం బాగుంటే చపాతీ. వంటాయనకి నేను ఇండియన్ అని తెలిసిన రోజు నుంచి చపాతీ చేసినప్పుడల్లా నా దగ్గరికొచ్చి ఎలా ఉందని అడిగేవాడు. మా ఇంట్లో పండగలకి తప్ప చపాతీ చెయ్యరని, నేను సంగటి తిని పెరిగానని చెబితే నమ్మలేదు. నేను తీసుకెళ్ళిన చెనిక్కాయల పొడి ఉగాలిలో కలిపి పెట్టాక నమ్మాడు. ఆ డబ్బా మొదటి వారంలోనే అయిపోయింది, అందులో ఆయన వాటా ఎక్కువ.

ఎండెక్కక ముందే సర్వేకి వెళ్తాం. అందరం వరసగా, చెయ్యి చాస్తే పక్కవాళ్ళకి తగిలేంత దూరంలో, తలలు దించుకుని గట్టు మీద నడవాలి. పొద్దున ఎండ ఏటవాలుగా పడుతుంది కాబట్టి చిన్న ముక్కకి కూడా నీడ వస్తుంది, పంటి పింగాణీ మెరుస్తుంది. పది దాటితే వెలుతురు నెత్తిమీదికొచ్చి అంతా ఒకే రంగు అయిపోతుంది. కనిపించిన ప్రతిదాని పక్కనా చిన్న జెండా గుచ్చాలి. ఎముకో రాయో తేలకపోతే నాలుక కొసకి ఆనించి చూడటమూ ఉంది. ఎముక చాలావరకు కాస్త అంటుకుంటుంది. మా అమ్మకి ఈ సంగతి ఇప్పటికీ చెప్పలేదు.

మమ్మల్ని నడిపించింది సిలబస్‌లో పేరున్న ప్రొఫెసర్లు కారు. కెన్యాకి చెందిన ఒక పెద్దాయన. ఆయన్ని అందరం 'మ్జే' అనే పిలిచేవాళ్ళం, అక్కడ పెద్దవాళ్ళని గౌరవంగా అలాగే పిలుస్తారు. కుర్రవాడిగా ఉన్నప్పుడు వంటకి నీళ్ళు మోసే పనిలో చేరి, ఆ తర్వాత దశాబ్దాలుగా ఈ గట్ల మీద నడుస్తున్నాడు. ఆయన పేరు రాస్తే స్కూలేదో తెలిసిపోతుంది, ఆయన జీతం ఆ స్కూలు చేతిలో ఉంది. పేరు దక్కనివాళ్ళ గురించి రాస్తూ పేరు దాచిపెట్టాల్సి రావడం ఎంత ఇబ్బందో నాకు తెలుసు.

ఆయన చూపు గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ విషయంలోనే చాలామంది పొరబడతారు. 'లోకల్ వాళ్ళకి కళ్ళు బాగా పనిచేస్తాయి' అంటారు. డేగకి కళ్ళు పనిచేస్తాయన్నట్టుగా, అదేదో పుట్టుకతో వచ్చే గుణంలాగా. మ్జే చేసేది అది కాదు. ఒక ముక్క దొరికితే ముందు దాని అంచు చూస్తాడు. అంచు పదునుగా ఉంటే ఈ మధ్యే విరిగింది, మిగతా ముక్కలు దగ్గర్లోనే ఉండాలి. అరిగి గుండ్రంగా ఉంటే చాలా దూరం దొర్లి వచ్చింది, ఇక్కడ వెతికి లాభం లేదు. పదునుగా ఉంటే వాలు వెంట పైకి చూస్తాడు. ఏ పొర నుంచి జారి ఉంటుంది, నిరుటి వానకి ఆ పొర ఎంత కోసుకుపోయింది, నీళ్ళు ఎటు పారి ఉంటాయి, అన్నీ లెక్క వేసుకుంటాడు. తాబేటి చిప్ప ముక్కా పుర్రె ముక్కా చూడ్డానికి ఒకేలా ఉంటాయి. మేం అయిదు నిమిషాలు తర్జనభర్జన పడేదాన్ని ఆయన బొటనవేలితో లోపలి వైపు ఒకసారి తడిమి చెప్పేసేవాడు. పుర్రె అయితే లోపల రక్తనాళాలు ఆనిన సన్నటి గాడులు తగులుతాయి. ఇది భూగర్భశాస్త్రం, శరీరనిర్మాణశాస్త్రం, ఎముకలు మట్టిలో చేరే తీరును చదివే శాస్త్రం. మూడూ కలిపి ఒకాయన బొటనవేలిలో ఉన్నాయి. వీటికే నేను అమెరికాలో విడివిడిగా మూడు కోర్సులు తీసుకుని మార్కులు తెచ్చుకున్నాను.

ఒకరోజు మా వరస మొత్తం ఒక వాలు మీద నడిచి వెళ్ళిపోయింది. అంతమంది కళ్ళు, అన్ని జతల బూట్లు. వెనక తాపీగా వస్తున్న మ్జే మధ్యలో ఆగి వంగాడు. ఒక్క పన్నుతో ఉన్న కోతి దవడ ముక్క. మేమంతా వెనక్కొచ్చి చుట్టూ మూగాం, ఫొటోలు తీశాం, జీపీఎస్ తీసుకున్నాం. సాయంత్రం ల్యాబు గుడారంలో రిజిస్టర్ నింపుతుంటే పక్కన కూచుని చూస్తున్నాను. మేం ఏరిన చేప ముల్లుకి కూడా 'కనుగొన్నవారు' అనే గడిలో ఇంటిపేరుతో సహా మా పేర్లున్నాయి. ఆ దవడ దగ్గర మాత్రం 'సిబ్బంది' అని ఉంది. ఎందుకలా అని రాస్తున్న అసిస్టెంటుని అడిగాను. "ఎప్పుడూ అలాగే రాస్తాం, ఎవరో మాకు తెలుసుగా" అన్నాడు. చెడ్డవాడు కాదు. ఆ గడి గురించి ఎవరూ ఇదివరకు అడగలేదంతే.

రాత్రి భోజనం తర్వాత లెక్చర్లు. జెనరేటర్ వెలుతురు, పురుగులు, తెల్లగుడ్డ మీద బొమ్మలు. నాకు అన్నిటికంటే నచ్చింది పందుల పాఠం. 1969లో ఈ తూర్పు ఒడ్డునే కే బెరెన్స్‌మయర్ అనే పరిశోధక విద్యార్థికి ఒక బూడిద పొరలో రాతి పనిముట్లు కనిపించాయి. ఆ పొరకి ఆమె పేరు మీదే కేబీఎస్ (కే బెరెన్స్‌మయర్ సైట్) అని పేరు పెట్టారు. మొదట దాని వయసు సుమారు 26 లక్షల ఏళ్ళని లెక్కగట్టారు. 1972లో ఆ పొర కింద బెర్నార్డ్ ఎన్గెనెయో అనే కెన్యా శిలాజాల వేటగాడికి 1470 అనే నంబరుతో ఇప్పుడు ప్రపంచమంతా ఎరిగిన పుర్రె దొరికింది. అంత పెద్ద మెదడున్న మనిషి అంత పాతవాడా అని గగ్గోలు పుట్టింది. అది నిజమైతే మనిషి వంశవృక్షం మొత్తం తిరగరాయాలి. తేడా పట్టించింది పందులు. పంది దంతాలు లక్షల ఏళ్ళలో త్వరత్వరగా రూపం మార్చుకుంటాయి. కేబీఎస్ పొర కింద దొరికిన పంది పళ్ళు ఓమో లోయలో 20 లక్షల ఏళ్ళ నాటి పొరల్లోని పళ్ళతో సరిపోయాయి. ఏళ్ళ తరబడి కొట్లాట నడిచి, మళ్ళీ మళ్ళీ కొలిచాక, పొర వయసు దాదాపు 19 లక్షల ఏళ్ళని తేలింది.

ఈ కథ చెప్పింది ఒక కారణం కోసం. నేను ల్యాబుని తక్కువ చెయ్యడం లేదు. పొర వయసు తెలియని పుర్రె గాజు బీరువాలో పెట్టుకోవడానికే పనికొస్తుంది. కొలిచేవాళ్ళు, పోల్చేవాళ్ళు, తప్పు పట్టేవాళ్ళు, అందరూ కావాలి. కానీ చూడండి, అప్పటికి ఇంకా చదువుకుంటున్న అమ్మాయి పేరు ఒక భూపొరకి వచ్చింది, ఆ గౌరవానికి ఆమె పూర్తిగా తగినదే. 1470 పుర్రెను కళ్ళతో పట్టుకున్నవాడు మాత్రం 1973లో 'నేచర్' పత్రికలో దాని గురించి వచ్చిన వ్యాసానికి రచయిత కాడు. ఆ వ్యాసం అక్కడి తవ్వకాలు నడిపించిన రిచర్డ్ లీకీ ఒక్కరి పేరు మీద వచ్చింది.

కెన్యాకే చెందిన మరో శిలాజాల వేటగాడు కమోయా కిమెయు సంగతి ఇంకా బాగా తెలిసిందే. చిన్నప్పుడు మేకలు కాసి, కొన్నేళ్ళు మిషన్ బళ్ళో చదివి, 1960లో ఓల్డువాయ్‌లో రిచర్డ్ తండ్రి లూయీ లీకీ దగ్గర మట్టి తవ్వే పనిలో చేరాడు. 1984 ఆగస్టులో, తుర్కానా పడమటి ఒడ్డున, క్యాంపుకి సెలవు రోజున ఊరికే నడుచుకుంటూ వెళ్ళి, ఎండిన నారియోకొటొమె వాగు పక్కన అగ్గిపెట్టెంత ఎముక ముక్క చూశాడు. చుట్టూ ఉన్న గులకరాళ్ళ రంగులోనే ఉందది. పుర్రె నుదుటి ముక్క అని ఆయనకి అక్కడికక్కడే తెలిసింది. తర్వాత కొన్ని సీజన్లపాటు టన్నుల కొద్దీ మట్టి తవ్వి జల్లెడపడితే 108 ఎముకలు బయటపడ్డాయి. (నూట ఎనిమిది! మన పూజారికి చెబితే కొబ్బరికాయ కొట్టమంటాడు.) సుమారు 15 లక్షల ఏళ్ళ కిందటి పిల్లవాడు, అంత పాత కాలం నుంచి అంత పూర్తిగా దొరికిన అస్థిపంజరం అప్పటిదాకా లేదు. 1985లో 'నేచర్'లో వచ్చిన వ్యాసానికి రచయితలు నలుగురు. బ్రౌన్, హారిస్, లీకీ, వాకర్. కిమెయు అందులో లేడు.

దీనికి నాకు మొదట దొరికిన సమాధానం, 'ఆయనకి డిగ్రీ లేదుగా' అని. సరే. రిచర్డ్ లీకీకి ఏ డిగ్రీ ఉంది? పదహారో ఏట బడి మానేశాడు, యూనివర్సిటీలో ఎన్నడూ చదవలేదు. అది ఆయన గొప్పతనమని అందరూ మెచ్చుకుంటారు, నేనూ మెచ్చుకుంటాను. అదే లేనితనం ఒకరికి తెగువ అయి, ఇంకొకరికి అనర్హత ఎలా అయింది? ఇద్దరూ 2022లోనే, కొన్ని నెలల తేడాతో పోయారు. కిమెయుకి గౌరవాలు రాలేదని కాదు. అమెరికా అధ్యక్షుడు రీగన్ చేతుల మీదుగా పతకం అందుకున్నాడు, శిలాజ జాతులకి ఆయన పేరు పెట్టారు, చివర్లో ఒక అమెరికన్ యూనివర్సిటీ గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. సన్మానం వేరు, రచయితల వరసలో చోటు వేరు. ఉద్యోగం, గ్రాంటు, సీటు, అన్నీ రెండోదాన్ని బట్టే వస్తాయి.

కాలం మారింది, ఒప్పుకుంటాను. కెన్యా పరిశోధకుడు ఫ్రెడరిక్ మంతికి 2000లో సరస్సు తూర్పు ఒడ్డున ఇలెరెట్ దగ్గర దొరికిన చిన్న పుర్రె గురించి 2007లో 'నేచర్'లో వ్యాసం వస్తే రచయితల్లో ఆయనా ఉన్నాడు. 2015లో పడమటి ఒడ్డున లొమెక్వి నుంచి 33 లక్షల ఏళ్ళ నాటి రాతి పనిముట్ల సంగతి వచ్చినప్పుడు, అంటే మన జాతి మనిషి పుట్టకముందే ఎవరో రాళ్ళు కొట్టారని తేలినప్పుడు, రచయితల్లో సామీ లొకొరొడి పేరు ఉంది. తుర్కానా తెగకు చెందినవాడు, ఆ పనిముట్లను గుర్తుపట్టడంలో చెయ్యి ఉన్నవాడు. కాబట్టి అసాధ్యమేమీ కాదు. 'చూసిన ప్రతివాడి పేరూ రాస్తే జాబితాకి అంతెక్కడ' అని మా క్యాంపులోనే ఒకాయన వాదించాడు. అదే 2015లో హిగ్స్ కణం బరువు గురించి వచ్చిన భౌతికశాస్త్ర వ్యాసానికి 5,154 మంది రచయితలు. కాగితం చాల్లేదని ఎవరూ ఏడవలేదు.

నన్ను ఎక్కువగా ఇబ్బందిపెట్టేది పత్రికల కంటే స్కూళ్ళ సంగతి. ఈ అలవాటు తర్వాతి తరానికి అబ్బేది ఇక్కడే కాబట్టి. ఇరవై ఏళ్ళ పిల్లలు మొదటిసారి ఫీల్డుకి వచ్చి చూసేది ఏమిటి? ప్రొఫెసరు పేరు సిలబస్‌లో, మ్జే పేరు జీతాల పుస్తకంలో. ఇద్దరి దగ్గరా నేర్చుకుంటారు, ఒకరి దగ్గర నేర్చుకున్నదానికే క్రెడిట్లు. ఎవరూ నోరు తెరిచి చెప్పక్కర్లేకుండానే ఎవరు గురువో, ఎవరు పనివాడో ఒంటబట్టేస్తుంది. రేపు ఆ పిల్లలే ప్రొఫెసర్లవుతారు, 'సిబ్బంది' అని రాసే అసిస్టెంట్లకి వాళ్ళే బాస్‌లు.

మేకని కోసిన రోజు ఈ తిరకాసు నాకు మరీ బాగా కనబడింది. చాలా ఫీల్డ్ స్కూళ్ళలో ఇదొక పాఠం. ముందు నల్లరాతి గుండ్లని కొట్టి పెచ్చులు తియ్యడం నేర్పుతారు. దెబ్బ కోణం కాస్త తప్పితే రాయి పగలదు, వేలు పగులుతుంది. తర్వాత ఆ పెచ్చులతోనే మేక తోలు వలిచి, మాంసం కొయ్యాలి. ఎముక మీద రాతి గాట్లు ఎలా పడతాయో చూసి, లక్షల ఏళ్ళ నాటి ఎముకల మీద గాట్లతో పోల్చుకోవాలి. మంచి పాఠమే. మేక అమ్మిన, అక్కడి దాసనచ్ తెగ కాపరులు ముగ్గురు పక్కన గొంతుక్కూర్చుని చూశారు. మేం ఒక కాలు వలిచేసరికి గంట పట్టింది. వాళ్ళు నవ్వాపుకోలేకపోయారు. చివరికి ఒకతను లేచి, నా చేతిలోని పెచ్చుని తిప్పి వేరే అంచుతో పట్టుకోమని చూపించాడు. ఠక్కున తెగింది. కీలు ఎక్కడుందో, తోలు ఎటు లాగితే ఊడొస్తుందో పుట్టినప్పటి నుంచీ తెలిసినవాడు. ఆ పాఠం పేరు 'ప్రయోగాత్మక పురావస్తుశాస్త్రం'. అతనికి ముట్టింది మేక ధర.

నా టెంటులో ఉన్న అమ్మాయి నైరోబిలో చదువుకునే కెన్యన్. స్కాలర్‌షిప్ మీద వచ్చింది, అలా వచ్చినవాళ్ళు మా బ్యాచ్‌లో ఒక చేతి వేళ్ళకి సరిపోతారు. తన దేశపు శిలాజాలని చూడ్డానికి తనే పరాయిదానిలా దరఖాస్తు పెట్టుకోవాల్సొచ్చిందని నవ్వుతూ అనేది. కానీ తనకీ మేమున్న ఇలెరెట్ వైపు పరాయి ఊరే, దాసనచ్ భాష ఒక్క ముక్క రాదు. 'కెన్యన్లకి సీట్లు' అని చెప్పి నైరోబి వాళ్ళతో నింపేస్తే సరిపోదని నాకు తన వల్లే తెలిసింది. ఎవరి గడ్డ మీద తవ్వుతున్నారో ఆ ఊరి పిల్లలు ఒక్కరు కూడా మా తరగతిలో లేరు. క్యాంపు కట్టే రోజుల్లో పని కోసం వచ్చి చెట్టు కింద వరసగా కూర్చున్నవాళ్ళలో మాత్రం, ఇంగ్లీషు చక్కగా మాట్లాడే కుర్రాళ్ళు ఉన్నారు.

దీనికి ఎదురు వాదన ఒకటుంది, గట్టిదే. ఫీజులు లేకపోతే స్కూలే ఉండదు. లారీ డీజిలు, తాగే నీళ్ళు, వంటవాళ్ళ జీతాలు, కాపలా, అన్నీ మా డాలర్ల మీదే నడుస్తాయి. ఆ ప్రాంతంలో వేరే నెల జీతాలు ఇచ్చేవాళ్ళు బహు తక్కువ. పైగా దోచుకుపోవడం ఎప్పుడో ఆగింది. 2006 చట్టం ప్రకారం శిలాజాలు ప్రభుత్వానివి, అనుమతి లేకుండా గులకరాయంత ముక్క కూడా దేశం దాటదు. అంతా నిజమే. అయితే ఎముకలు దేశంలోనే ఉండి, వాటి నుంచి వచ్చే చదువులూ పదవులూ బయటికి పోతుంటే, చట్టం కాపాడింది బీరువానే. జీతం ఇస్తున్నాం కదా అనడం, పేరు ఎందుకు రాయలేదన్నదానికి జవాబు కాదు. ప్రొఫెసర్లకీ జీతం ఇస్తున్నారు.

ఇక మా నాయన మాట. బేతంచెర్ల దగ్గరి బిళ్ళసర్గం గుహల్లో 1880లలోనే భూగర్భశాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కొడుకూ తవ్వకాలు చేయించారు. జుర్రేరు లోయలో జ్వాలాపురం ఉంది. 74,000 ఏళ్ళ కిందట సుమత్రాలో తోబా అగ్నిపర్వతం పేలితే, ఆ బూడిద అక్కడ మందంగా పేరుకుంది. దాని కిందా పైనా రాతి పనిముట్లు దొరికాయని 2007లో 'సైన్స్' పత్రికలో వచ్చాక ప్రపంచమంతా ఆ ఊరి పేరు మోగింది. మా ఇంటికి బస్సు దూరంలో ఉన్న బూడిద పొర గురించి నేను మొదటిసారి విన్నది అమెరికా క్లాసులో. మా బడిలో ఎవరూ చెప్పలేదు. అక్కడ బూడిదని అమ్మకానికి తవ్వుకున్న జనం గోతుల వల్లే పొరలు బయటికి కనబడ్డాయి. ఆ తవ్వినవాళ్ళని ఆ కథలో ఎవరూ ఎక్కడా మనుషులుగా లెక్కపెట్టినట్టు లేదు. కాబట్టి ఇది తెల్లవాళ్ళ జబ్బని చెప్పి మనం చేతులు దులుపుకోలేం. మన దగ్గరా తవ్వకాల్లో తట్ట మోసేవాళ్ళు 'లేబర్', గొడుగు కింద నిలబడేవాళ్ళు 'టీమ్'.

ఏం చెయ్యాలంటే పెద్ద విప్లవాలేమీ అక్కర్లేదు. మ్జేలాంటి వాళ్ళని సిలబస్‌లో బోధకులుగా చూపించి, ఆ హోదాకి తగ్గ జీతం ఇవ్వాలి. రిజిస్టర్‌లో ఆ గడి నింపాలి, నింపిన పేరు పత్రికదాకా వెళ్ళాలి. ప్రతి బ్యాచ్ ఫీజులోంచి ఆ ఊరి పిల్లలకి, కూలీలుగా కాదు, విద్యార్థులుగా సీట్లు కేటాయించాలి. దీనివల్ల నా ఫీజు కాస్త పెరిగితే పెరగనివ్వండి. వేల డాలర్లు పెట్టగలిగినవాళ్ళకి ఇంకో వంద బరువేమీ కాదు.

ఇది చదివి వెళ్ళొద్దని నేను అంటున్నానని అనుకోకండి. మనవాళ్ళు ఈ సబ్జెక్టులోకి రావడమే అరుదు, వస్తే ఫీల్డ్ స్కూలుకి తప్పకుండా వెళ్ళండి. ఇండియా నుంచి వెళ్ళేవాళ్ళు ఎల్లో ఫీవర్ టీకా పది రోజుల ముందే వేయించుకుని కార్డు దగ్గర పెట్టుకోండి, తిరిగొచ్చేటప్పుడు మన ఎయిర్‌పోర్టులో అడుగుతారు. ఫీజు కట్టేముందు స్కూలుకి ఒక మెయిల్ రాయండి. మీ దగ్గర శిలాజాలు వెతికేవాళ్ళు ఎవరు, వాళ్ళ పేర్లు మీ వెబ్‌సైటులో ఎక్కడున్నాయి, గత అయిదేళ్ళ వ్యాసాల్లో వాళ్ళెంతమంది రచయితలు, స్థానిక విద్యార్థులకి ఎన్ని సీట్లు అని అడగండి. నేను ఈ మధ్య మూడు స్కూళ్ళకి రాసి చూశాను. ఒకరు పేర్లూ సీట్లూ వివరంగా రాసి పంపారు, ఒకరు బ్రోషర్ పంపారు, మూడోవాళ్ళ దగ్గర్నుంచి ఇంకా జవాబు లేదు.